పక్కింటి గోలీ కార్డు

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం, మేడ మెట్లు దిగుతుండగా వేడి ప్లాస్టిక్ వాసన తగిలింది. నాన్న లామినేషన్ మిషన్ ఆన్ చేశాడు. ఆటగాడి ఫొటో ఉన్న ఐస్ హాకీ కార్డేమో కింద టేబుల్ మీదే ఉంది.

ఆ కార్డు నాది కాదు. మేం వలస వెళ్లిన చలిదేశంలోని మిల్టన్‌లో మా పక్కింటి పెద్దాయనది. స్కూల్లో చూపించడానికి అడిగితే ఇచ్చారు, ఆ సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. కార్డు మీద ఉన్నది కూడా ఆయనే. ఇరవై రెండేళ్ల గోలీ, అంటే గోల్ కాసేవాడు, ముఖానికి మాస్కయినా లేకుండా గోల్ ముందు వంగి నిలబడ్డాడు. పెద్ద లీగులో ఆడింది ఒక్క సీజన్, అందుకే కార్డు కూడా ఒక్కటే వేశారు. తర్వాత పదకొండు చలికాలాలు చిన్న ఊళ్ల జట్లతో బస్సుల్లో తిరిగారు. మోకాలు పోయాక మా ఊరి స్కేటింగ్ రింకులోనే మంచు చదును చేసే బండి నడిపి రిటైరయ్యారు. వాళ్లమ్మ ఆ కార్డును పర్సులో పెట్టుకుని కనిపించినవాళ్లందరికీ చూపించేదట. అందుకే మూలలు మెత్తబడిపోయాయి.

మా నాన్న హైదరాబాద్ నుంచి వచ్చిన కంప్యూటర్ ఇంజినీరు. ముఖ్యమైన కాగితం కనిపిస్తే లామినేట్ చేయకుండా ఉండలేడు. తన డిగ్రీ, అమ్మ మార్కుల లిస్టులు, నా ఈత సర్టిఫికెట్, చివరికి చెత్తబండి వచ్చే రోజుల క్యాలెండర్! ఎవరు చెప్పినా వినడు. నేను పరుగెత్తేసరికి కార్డు ప్లాస్టిక్ పొరల మధ్య మెరుస్తోంది. నలిగిన మూలలు బాగాలేవని కత్తెరతో గుండ్రంగా కత్తిరించాడు కూడా.

"చూడు తల్లీ, ఇంక వందేళ్లయినా చెక్కుచెదరదు," అన్నాడు.

పోయిందని అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. నాన్నేమో కార్డు పట్టుకుని, నన్ను వెంటేసుకుని పక్కింటి బెల్లు నొక్కాడు. పెద్దాయన కార్డును తిప్పి తిప్పి చూశారు. మూల దగ్గర ఆయన వేలు ఆగింది. ఇక ఉండబట్టలేక అక్కడే నాన్న మీద విరుచుకుపడ్డాను. పాతవి ఎలా ఉన్నవి అలాగే ఉంచాలని ఆ మాత్రం తెలియదా అన్నాను. నాన్న ముఖం పాలిపోయింది. "సారీ సర్, సేఫ్‌గా ఉంటుందని..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయాడు.

పెద్దాయన నా వైపు తిరిగారు. గోల్ పడగానే గోలీ వెనక ఎర్ర దీపం వెలుగుతుందన్నారు. తప్పు ఎవరిదో ఊరందరికీ కనిపిస్తుంది. అప్పుడు వచ్చి అరిచేవాళ్లు జట్టులో కొందరు ఉండేవారట. ఒకడు మాత్రం ప్రతిసారీ వచ్చి, హాకీ కర్రతో ఆయన కాళ్ల ప్యాడ్ల మీద మెల్లగా తట్టి వెళ్లేవాడట.

"ఎన్ని గోల్స్ పడ్డాయో మర్చిపోయాను. వాడు తట్టడం మర్చిపోలేదు. ఇప్పుడు దీపం మీ నాన్న వెనక వెలుగుతోంది. ఎలా నిలబడ్డాడో చూడు."

చూశాను. వెళ్లి నాన్న చెయ్యి పట్టుకున్నాను. కోపం పోలేదు, అయినా పట్టుకున్నాను. కార్డు పాడైనందుకు పెద్దాయనకు బాధ కలగలేదని ఇప్పటికీ అనుకోను.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. ప్రతిదానికీ భయమే, ఆ భయం నా నోట అరుపై వస్తుంది. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి, అమ్మ ఇచ్చిన ఇనప దోసె పెనాన్ని ఇద్దరూ స్టీలు పీచుతో తెల్లగా తోమిపెట్టారు. ఏళ్ల తరబడి నూనె పట్టి నున్నగా నల్లబడ్డ పెనం! "సర్‌ప్రైజ్, మామ్!" అన్నారు. నేనన్న మాటలు ఇక్కడ రాయను. చిన్నది చేతులు వెనక్కి దాచుకుంది.

ఈ ఉదయం ఇద్దర్నీ స్టవ్ దగ్గరకు పిలిచాను. "పెనం పాడైంది, అబద్ధమెందుకు. మళ్లీ దారికి రావడానికి నెలలు పడుతుంది. రోజూ నూనె రాసే డ్యూటీ మీదే. కానీ నిన్న నేను అరిచింది తప్పు. అమ్మకి సాయం చేద్దామనుకున్నారు, థాంక్స్. రండి, ఇవాళ్టికి పెనానికి అంటుకుని వచ్చే ముక్కల దోసెలే తిందాం," అని చెప్పాను.