సోనా మసూరి సెట్టింగు

ఇప్పుడంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంత ఖరీదైన కారు వచ్చినా ఎవరూ తల తిప్పి చూడరు గానీ, మెట్రో స్తంభాలు ఇంకా చువ్వలు తేలి సగంలో నిలబడి ఉన్న ఆ రోజుల్లో, రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు మా వీధి మలుపు తిరిగితే ఇస్త్రీ చేసేవాళ్లు కూడా పెట్టె పక్కన పెట్టి చూసేవాళ్లు. ఆ కారు మా బావది. బావావాళ్లది పోచంపల్లి. చీరల దుకాణం నడుపుతూ, చిన్నప్పటి కోరిక చంపుకోలేక ఎవరో వాడిన కారు కొనుక్కున్నాడు. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను అక్కావాళ్లింట్లోనే ఉండేవాణ్ణి. పొద్దున్నే ఆ కారు తుడిచే పని అడిగి మరీ తీసుకున్నాను. తుడవడం అని పేరే గానీ, గుడ్డ చేత్తో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేవాణ్ణి (నిజంగా తుడిచింది తక్కువే అని అక్క ఇప్పటికీ అంటుంది).

అంత అందగత్తెకీ ఒక లోపం ఉంది. తిన్నగా పోయినంతసేపు బాగానే పోయేది, మలుపు వచ్చిందంటే మాత్రం ఒక పక్కకి ఒరిగి, మళ్లీ రెండో పక్కకి ఊగేది. పాత స్ప్రింగులు, షాకప్‌లు చేతులెత్తేశాయి. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగే గుండ్రటి మలుపులో మొదటిసారి కూర్చున్న మా అక్క, కారు ఆగగానే తలుపు తీసి, తిన్నదంతా రోడ్డుకి సమర్పించుకుంది. ఇంటికొచ్చి మజ్జిగ తాగి తీర్పు చెప్పింది. "ఏవండీ, ఇంకొక్కసారి ఎక్కుతాను. ఈసారి కూడా నాకు తల తిరిగిందంటే దీన్ని అమ్మేసి, వెనక సీటున్న కారు కొందాం." బావ సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నేను కూడా సానుభూతిగా పెరుగన్నం మానేశాను.

నాగోల్‌లో ఒక గ్యారేజీ ఉండేది. అక్కడి పెద్ద మెకానిక్ మలక్‌పేట ఉస్తాద్ కొత్త స్ప్రింగులు, గట్టి షాకప్‌లు బిగించి, నాలుగు చక్రాల కిందా నాలుగు తూకం పలకలు పెట్టాడు. నాలుగు మూలలా బరువు సరిగ్గా పడితేనే మలుపులో బండి మాట వింటుందట. నేను నోరు తెరుచుకుని వింటున్నాను.

"ఖాళీ బండికి సెట్టింగ్ చేస్తే ఏం ఫాయిదా సార్? లోపల కూసునేటోళ్ల బరువుతోనే చెయ్యాలె. ఒక్కలే పోతరా, ఇద్దరా?"

"ఇద్దరం పోతం," అన్నాడు బావ గర్వంగా.

"అయితే ఇద్దరు వచ్చి కూసోండ్రి. పొద్దుమీకేదాక పడ్తది."

బావ నన్ను పక్కకి లాగాడు. "మీ అక్కను గీడ పొద్దుమీకేదాక కూసోబెడితే, సెట్టింగ్ గాకముందే బండి అమ్ముడువోతది బామ్మర్దీ. ఇంట్ల బియ్యం ఉన్నయ్ గదా?"

ఉన్నాయి. పాతబియ్యం దొరికినప్పుడే ఏడాదికి సరిపడా కొని పెట్టుకోవడం మా ఇంటి అలవాటు. అక్క గుడికి వెళ్లిన సమయం చూసి, ఇరవై ఐదు కిలోల సోనా మసూరి బస్తాలు ఉన్నవన్నీ ట్రాలీ ఆటోలో వేయించాం. స్టీరింగు వెనక మూడు బస్తాలు పెట్టి బావ అన్నాం (పెళ్లినాటి బావ). పక్క సీటు దగ్గర చిక్కు వచ్చింది.

"మేడమ్ ఎంత సార్?"

బావ నన్ను చూశాడు, నేను బావని చూశాను. అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాలని ప్రశ్న అది. చివరికి బావ, "రెండు," అన్నాడు. అది తూకం కాదు, ప్రేమ.

బస్తాలు జారకుండా సీటుబెల్టులు పెట్టాం. ఉస్తాద్ స్పానరుతో వెనక చక్రం దగ్గర స్ప్రింగు కింది రింగు కాస్త తిప్పితే, ఎదురు మూల ముందు చక్రం కింద అంకె మారేది! ఇక్కడ ముట్టుకుంటే అక్కడ కదలడం నేను అంతవరకు చూడలేదు. అలాంటి అద్భుతం జరుగుతున్న వేళ గ్యారేజీ ముందు ఆటో ఆగి, అక్క దిగింది. బియ్యం గది ఖాళీగా ఉండటం చూసి దుకాణానికి ఫోన్ చేస్తే, మేం ఇక్కడున్నామని చెప్పారట.

"ఇదేంటండీ?"

"గిది... నేను," అన్నాడు బావ.

"పక్కన?"

బావ ఆ బస్తాల బెల్టు మళ్లీ సర్దాడు. నా నోరు ఊరుకోలేదు. "నువ్వే అక్కా."

స్పానర్ల చప్పుడు ఆగిపోయింది. కారు ఇవాళే పోయిందనుకున్నాను. అక్క వంగి, బెల్టు పెట్టుకున్న తనని తాను కాసేపు చూసుకుంది. "రెండేనా?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఒరేయ్, ఇంకో బస్తా విప్పి అందులో సగం పెట్టు. మలుపులో తిరిగేది నా తల. మొహమాటానికి తప్పు తూకం వేయిస్తారా? ఆయనకి కూడా ఇంకోటి పెట్టు, మూడెక్కడ సరిపోతాయి!" అంది. అందరి ముందూ తన బరువు తానే చెప్పిన ఆడమనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆ రోజు కారు కంటే అక్కనే ఎక్కువ ఆశ్చర్యంగా చూశాను.

పరీక్ష రోజు నాకు సీటు లేదు కాబట్టి మలుపు కింద సర్వీసు రోడ్డు మీద ఎండలో నిలబడ్డాను. పైన ఎర్రగా మెరిసింది. ఒరగలేదు, ఊగలేదు, పలక మీద సున్నా చుట్టినట్టు మలుపంతా చుట్టి వచ్చేసింది. నా ఒళ్లు పులకరించింది. నా దగ్గర ఆగాక చూస్తే బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, తల తిరిగిందా?"

"ఒరేయ్," అంది అక్క అద్దం దించి, "నువ్విక్కడే ఉండు. ఇంకోసారి తిరిగొస్తాం."

అలా ఎన్నిసార్లు తిరిగారో గానీ, నేను మాత్రం సాయంత్రానికి నల్లగా మాడి ఇల్లు చేరాను.

ఆ కారు ఇంకా ఉంది. పిల్లల కోసం వెనక సీటున్న కారూ వచ్చింది. ఈ మధ్య బావ తాళాలిస్తే నేనొక్కణ్ణే తీసుకెళ్లాను. అప్పుడు రెండు బస్తాలకి మించని నేను, ఇప్పుడు సరిగ్గా బావ నాలుగు బస్తాలకి సరిపోయాను. సెట్టింగు ఎవరూ మార్చలేదు. అక్కా బావల అప్పటి బరువు ఆ స్ప్రింగులకి ఇంకా గుర్తుంది, వాళ్లే దాటి వచ్చేశారు (ఎంత దాటారో రాయను, ఆదివారాలు నా భోజనం అక్కడే). మలుపులో బండి కాస్త ఒరిగింది, పక్క సీటు ఖాళీగా ఉండటం నాకు బాగా తెలిసింది.

ఇంటికొచ్చి, "అక్కా, ఒకసారి మలుపు దాకా వస్తావా?" అని అడిగాను.

చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "మీ బావ నడిపితే వస్తా," అంది.

తాళాలు బావ చేతిలో పెట్టి, గేటు దగ్గర నిలబడి, ఎర్ర కారు వీధి మలుపు తిరిగేదాకా నోరు తెరుచుకుని చూశాను.