ఊడొచ్చిన సముద్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నానికి ముందు చేతులు కడుక్కోవడం ఎంత అలవాటో, అంటుకునేదేదైనా ముట్టుకునే ముందు చేతులకు నూనె రాసుకోవడం అంత అలవాటు. మా అమ్మ కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. పిక్క తొక్కలోంచి కారే జీడి తగిలితే చర్మం పొక్కిపోతుంది, నల్లటి మచ్చ పడుతుంది, అది ఏ సబ్బుకీ లొంగదు. అందుకే ఆ నూనె. ఎంత రాసుకున్నా అమ్మ వేళ్ల చివర్లు నల్లగానే ఉండేవి.

పక్కింటి అక్క విశాఖపట్నంలో రంగులు వేయడం నేర్చుకుని వచ్చి, ఒక వేసవి సెలవుల్లో వాళ్ల వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పింది. రంగుబిళ్లలు తప్ప తెలియని మాకు ట్యూబుల్లో వచ్చే యాక్రిలిక్ రంగులు చూడడం అదే మొదలు. వచ్చేవాళ్లంతా మాస్టర్ల పిల్లలు, గుమస్తాల పిల్లలు. నన్ను మాత్రం అక్క తనంతట తానే పిలిచింది. దానికి మా అమ్మ ఎంత మురిసిపోయిందో! రోజూ ఉతికిన గౌను వేసి, జడ గట్టిగా బిగించి మరీ పంపేది.

రంగు తడిగా ఉండగానే కడిగేసుకోవాలని, ఆరితే ఇక పోదని అక్క మొదటిరోజే చెప్పింది. ఇంటికి వచ్చి ఆ మాట అమ్మకు అప్పజెప్పాను. అంటుకుంటే పోనిది అనగానే అమ్మకు గుర్తొచ్చేది ఒక్క జీడే. మర్నాటి నుంచి నా రెండు చేతులకూ మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించేది. పిల్లలందరి తలలకూ అదే నూనె గనక అక్కకు వాసన తేడా తెలియలేదు.

అక్క మాకు తెల్లరంగు పూసిన చెక్కపలకలు ఇచ్చింది. నేను ఉద్దానంలో మా అమ్మమ్మగారి ఊరి సముద్రం వేయడానికి కూర్చున్నాను. నా అరచెయ్యి ఆనిన చోటల్లా నీలం రంగు నిలవకుండా ముడుచుకుపోయేది. పక్కవాళ్లకు చక్కగా పట్టే రంగు నాకే ఎందుకు పట్టదో తెలిసేది కాదు. అడగడానికి మొహమాటం. ఎవరికీ కనబడకుండా ఇంకా మందంగా పూసేసేదాన్ని.

చివరిరోజు అక్క పెద్దవాళ్లందరినీ పిలిచి పలకలు గోడ వారగా పెట్టింది. అమ్మ పని నుంచి నేరుగా వచ్చి గేటు దగ్గరే నిలబడింది. ఒక మాస్టారి భార్య నా పలక చేతిలోకి తీసుకుని, అంచున కాస్త లేచిన రంగును గోటితో సర్దబోయింది. పాల మీది మీగడలా నీలమంతా ఆవిడ చేతికి వచ్చేసింది.

"ఓలమ్మో, సంద్రం ఊడొచ్చీసిందేటే!" అందావిడ. చెడ్డ మనసుతో అనలేదు పాపం. కానీ అందరూ నవ్వారు. నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది నాకు.

అక్క పలకను వేలితో తడిమి, వేళ్లు వాసన చూసుకుంది. "నూనె రాసుకున్నావేటే సేతులకి?" అని మెల్లిగా అడిగింది. నేను నోరు విప్పేలోపే గేటు దగ్గర నుంచి అమ్మ గొంతు వినబడింది.

"నానే రాత్తన్నానమ్మా. ఆరితే పోదన్నావంట కదా, జీడి నాంటిదనుకున్నాను."

అందరి చూపులూ అమ్మ చేతుల మీదికి పోయాయి. అమ్మ రెండు చేతులూ కొంగులోకి దాచేసుకుంది. బొమ్మ ఊడినప్పుడు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది! అమ్మ రాకపోయినా బాగుండేది, వచ్చినా ఆ మాట అనకపోయినా బాగుండేది అని ఏడుపొచ్చింది నాకు.

అక్క లోపలికి వెళ్లి నూనె గిన్నె, ఇంకో తెల్ల పలక తెచ్చింది. "పిన్నీ, ఓపాలి ఇటు రా. నాకు అలల మీద నురగ తెల్లగా కావాల. ఏలితో ఇక్కడ నూనె గీత గియ్యి" అంది. అమ్మ వద్దంటున్నా వినకుండా, కొంగులోంచి చెయ్యి తనే బయటికి తీసి నూనెలో ముంచింది. అమ్మ బెదురుబెదురుగా వంకర గీత గీసింది. అక్క దాని మీద పలకంతా నీలం పూసి ఎండలో పెట్టింది. ఆరాక, తీయమని అమ్మకే చెప్పింది. జీడిపప్పు మీద పొట్టు తీసినంత ఒడుపుగా అమ్మ గోటితో ఆ గీత మీది రంగు లేపింది. నీలంలో తెల్లటి అల బయటపడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ పలక ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అక్క ఆ రోజు నా పరువు కాపాడిందని చాలాకాలం అనుకున్నాను. నేనూ టెక్కలిలో పిల్లలకు బొమ్మలు నేర్పడం మొదలుపెట్టాకే తెలిసింది, అమ్మ చేతులు దాచుకున్నాక అక్క నావైపు ఒక్కసారి కూడా చూడలేదని. ఇప్పుడు ఏ పిల్ల బొమ్మ పాడైనా నేను ముందు పిల్లవైపు చూడను. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్ల అమ్మ చేతులు ఎక్కడున్నాయో చూస్తాను.