గుడ్ల ట్రేలో ఎనిమిది రోజులు

పోయిన వారం హయత్‌నగర్‌లో ఒక రిపేరు దుకాణం ముందు నిలబడి ఉన్నాను. మా అమ్మాయి ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బి అడుగు మూత పైకి లేచింది. దుకాణంలో అబ్బాయి మరలు విప్పి మూత తీయగానే ఒక తియ్యటి వాసన గుప్పుమంది. గోళ్ళ రంగు తుడిచే మందు వాసనలా ఉంటుందది. బ్యాటరీ ఎక్కడో చిట్లి లోపలి రసం కారుతోందని అర్థం. "ముందు బయట పెట్టు బాబూ! తర్వాత ఆలోచిద్దాం" అని నేను అరిచిన అరుపుకు పక్క దుకాణంవాళ్ళు కూడా తొంగి చూశారు. అతను నన్ను వింతగా చూస్తూ తీసుకెళ్ళి బయట సిమెంటు గట్టు మీద పెట్టాడు. చీర కట్టుకున్న నడివయసు టీచరమ్మకు ఈ సంగతులు ఎలా తెలుసని అనుకుని ఉంటాడు. నాకు అవి నేర్పింది సత్తయ్య కాక.

సత్తయ్య కాక ఇబ్రహీంపట్నంలో నేను మొదట పనిచేసిన ప్రభుత్వ పాఠశాలలో అటెండరు. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. చొక్కా జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకు చిన్న స్క్రూడ్రైవరు ఉండేది. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, వలల మీద కంటే రేడియోల మీద మోజు పడి, చాలా ఏళ్ళు రేడియోలూ టేపురికార్డర్లూ బాగుచేశాడట. ఆ పని చల్లబడ్డాక స్కూల్లో చేరాడు. గంట కొట్టడం, కాగితాలు మోయడం ఆయన ఉద్యోగం. కానీ ఆగిపోయిన గడియారం, తిరగని ఫ్యాను, పలకని మైకు ఎక్కడుంటే ఆయన అక్కడ ఉండేవాడు. నేను ఇరవై రెండేళ్ళ కాంట్రాక్టు కంప్యూటరు టీచరును. ఓర్పనేది నాలో మచ్చుకైనా ఉండేది కాదు. ఇప్పుడూ పెద్దగా లేదు గాని, లేదని బయటపడకుండా చూసుకోవడం వచ్చింది.

అవి హైదరాబాదు పొంగిపొర్లుతున్న రోజులు. ఔటర్ రింగ్ రోడ్డు పనులు జోరుగా సాగుతున్నాయి. నేనెక్కే బస్సు కిటికీలోంచి చూస్తే నిన్నటి జొన్నచేలో ఇవాళ ప్లాట్ల తెల్ల రాళ్ళు పాతి ఉండేవి. నగరానికి ఆ చివరన ఉన్న ఒక కంపెనీవాళ్ళు తమకు కొత్తవి కొనుక్కుని, పాత ల్యాప్‌టాప్‌లు పన్నెండు మా స్కూలుకు ఇచ్చారు. శాలువాలు కప్పి ఫోటోలు దిగి వాళ్ళు వెళ్ళిపోయాక తెలిసింది, పన్నెండింటి బ్యాటరీలూ చచ్చిపోయాయని. ప్లగ్గు పెడితే వెలుగుతాయి, తీస్తే ఆరిపోతాయి. మాకేమో పొద్దున పది నుంచి పన్నెండు దాకా కరెంటు కోత. కంప్యూటరు క్లాసు సరిగ్గా ఆ రెండు గంటలే. ఆడపిల్లలు ఆ నల్లటి తెరల్లో ముఖం చూసుకుని జడలు సర్దుకునేవారు. నెల తిరిగేసరికి జిల్లా ఆఫీసరు తనిఖీకి వస్తారనీ, గది ఇలాగే ఉంటే మిషన్లు వేరే స్కూలుకు పంపించేస్తారనీ హెడ్మాస్టర్ సారు ఒకరోజు పిలిచి చెప్పారు. మిషన్లతోపాటు నా ఉద్యోగమూ పోతుందని ఆయన చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

ఆ మర్నాడు ఒళ్ళు మండి, పన్నెండు బ్యాటరీలనూ బకెట్లో వేసుకుని వంటగది వెనక చెత్త కాల్చే గుంత వైపు బయల్దేరాను. సత్తయ్య కాక ఎదురొచ్చాడు.

"ఏడికి మేడం?"

"పారేద్దామని కాకా. ఒక్కటి గూడ పన్జేస్తలేదు."

"గా అగ్గిల ఏస్తే తుపాకి లెక్క పేల్తయ్. ఇటియ్యుండ్రి."

వరండాలో కూర్చుని, మొద్దుబారిన చాకుతో ఒకదాని అతుకు మెల్లగా విప్పాడు. లోపల టార్చిలైటు సెల్లుల్లాంటివి ఆరు ఉన్నాయి. ఒక్కొక్కదానికీ మీటరు ముల్లు ఆనించి చూశాడు. "ఆరుగుర్ల ఒక్కడు పడ్డడంటే మిగిలినోళ్ళు గూడ కూలవడ్తరు. మనం అందరు సచ్చిండ్రనుకుంటం" అన్నాడు. పడ్డవాళ్ళను తీసేసి, నిలబడ్డవాళ్ళను ఒకచోట చేరిస్తే పన్నెండు చచ్చిన బ్యాటరీల్లోంచి ఐదు బతికినవి లేస్తాయని ఆయన లెక్క. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎప్పుడిస్తావని వెంటనే అడిగాను.

అక్కడే మాకు పేచీ మొదలైంది. పిల్లల మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చే అట్ట ట్రేలు మూడు తెచ్చాడు. కరెంటు ఉన్నప్పుడల్లా ఒక్కో సెల్లునూ చిన్న ఛార్జరు డబ్బాలో పెట్టి నిండా ఛార్జి చేసి, కొలిచి, ఆ కొలతా తేదీ రాసిన చీటీ దానికి అంటించి, ట్రే గుంటలో గుడ్డును నిలబెట్టినట్టు నిలబెట్టేవాడు. ఇక ఎనిమిది రోజులు ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు.

"మీటరు నిండుగనే చూపిస్తుంది గద కాకా! ఇంకా ఏం చూస్తవ్?" అన్నాను.

"అప్పుడే బువ్వ తిని లేసినోణ్ని ఆకలైతుందా అని అడిగితే ఏమంటడు మేడం? లేదనే అంటడు. ఎనిమిది దినాలైనంక అడగాలె. ఊకె కూసున్నప్పుడు గూడ తగ్గకుంట ఉంటదే, గదీ మంచి సెల్లు."

ఆయన చెప్పినట్టే జరిగేది. మొదటి రోజు అన్నీ ఒకేలా నిండుగా కనిపించేవి. ఎనిమిదో రోజు కొలిస్తే కొన్ని ఎవరూ వాడకుండానే సగానికి జారిపోయి ఉండేవి. వాటిని విడిగా ఒక రేకు డబ్బాలో వేసి ఇసుక కప్పేవాడు. మంచివని తేలినవాటిని ఆదివారం హయత్‌నగర్ తీసుకుపోయి, బ్యాటరీలు కట్టే తెలిసినాయన మిషను మీద పట్టీలు అతికించుకుని వచ్చేవాడు. అలా మూడు బ్యాటరీలు లేచాయి. కోత వేళలో మొదటిసారి మూడు తెరలు వెలిగిన రోజున పిల్లలు వేసిన కేకలకు లెక్కల సారు క్లాసు ఆపి వచ్చి చూశారు. కాక మాత్రం గుమ్మంలో నిలబడి పిల్లలకు జాగ్రత్తలు అప్పగించడం మొదలుపెట్టాడు. కిటికీ ఎండలో పెట్టొద్దు. ఛార్జి అడుగంటేదాక వాడొద్దు. సెలవులకు పోయేటప్పుడు సగం కడుపుతో పండబెట్టాలె. తియ్య వాసనొస్తే ముందు బైట పెట్టాలె, తర్వాత ఆలోచించాలె. వాళ్ళ నాన్న టార్చి సెల్లులను ఎండలో పెట్టి మళ్ళీ వాడేవాడనీ, వీటికి ఆ వైద్యం పనికిరాదనీ నవ్వుతూ చెప్పేవాడు.

ఇంతలో ఆఫీసరు రాక ముందుకు జరిగింది. సోమవారమే వస్తారని శుక్రవారం సాయంత్రం కబురొచ్చింది. అప్పటికి సత్తయ్య కాక తుక్కుగూడలో వాళ్ళ చెల్లెలు దవాఖానలో ఉందని సెలవు మీద వెళ్ళాడు. ట్రేలో పన్నెండు సెల్లులు ఉన్నాయి. చీటీలు చూస్తే వాటిని పెట్టి మూడు రోజులే అయింది. మీటరు పెట్టి చూశాను. అన్నీ నిండుగా ఉన్నాయి. మూడు మిషన్ల కంటే ఐదు మిషన్లు కంటికి ఆనుతాయి కదా అనే ఆశ నాది. ఆదివారం నేనే వాటిని హయత్‌నగర్ తీసుకుపోయి రెండు బ్యాటరీలు కట్టించాను. కట్టే ఆయన "సత్తన్న జూసిండా?" అని అడిగాడు. "అవ్, చూసిండు" అన్నాను. నోరు తడబడకుండా, ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పటికీ గుర్తుంది.

సోమవారం పొద్దున కాక వచ్చి ట్రే చూశాడు. "గవి ఏడవోయినయ్ మేడం?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే జీపు గేటులోకి వచ్చింది. పదింటికి కరెంటు పోయింది. ఐదు తెరలూ వెలుగుతూనే ఉన్నాయి. ఆఫీసరు ముఖంలో మెచ్చుకోలు కనబడింది. పది నిమిషాలు కాకుండానే నాలుగోది ఆరిపోయింది. ఐదోదాని ముందున్న అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుని "మేడం, కాల్తుంది" అంది. ఆ తియ్యటి వాసన నాకు అందేలోపే కాక లోపలికి దూకి, మిషనును ఎత్తుకుని వరండా దాటి మట్టిలో పెట్టేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

"వీటిని ఎవరు కట్టారు? పిల్లలకేమైనా అయితే జవాబు ఎవరు చెప్తారు?" అన్నారు ఆఫీసరు.

నాకు నోట మాట రాలేదు. రాలేదు అనడం కూడా అబద్ధమే, నేను రానివ్వలేదు.

"నేనే సార్" అన్నాడు సత్తయ్య కాక. "ఎనిమిది దినాలు ఉంచాలె. ఉంచలే. తొందరపడ్డ."

గదికి తాళం పడింది. ఆయన సర్వీసులో మొట్టమొదటి మెమో ఆ రోజే తయారైంది. మధ్యాహ్నం స్టోరు గదిలో ఆయన ఎదుట నిలబడి ఏడ్చేశాను. ఎందుకిలా చేశావని అడిగాను.

"నన్నయితే తిడ్తరు, కాయిదమిస్తరు. మిమ్మల్నయితే ఇయ్యాల్నే ఇంటికి పంపుతరు. మీరు పోతే గా తాళం తెరిపిచ్చేటోళ్ళు ఎవ్వరు?"

"నేనిప్పుడే పోయి సార్‌కు చెప్తా కాకా. తప్పు నాదని చెప్తా."

ఆయన ముఖంలో కోపం ఉందేమో, నాకు కనబడలేదు. "ఇప్పుడొద్దు మేడం. కండ్లల్ల నీళ్ళు గూడ ఆరలే. ఎనిమిది దినాలైనంక గూడ చెప్పాలనిపిస్తే, అప్పుడు చెప్పుండ్రి" అన్నాడు. తర్వాత వెళ్ళి గంట కొట్టాడు.

ఆ ఎనిమిది రోజుల గురించి చెప్పాలంటే సిగ్గేస్తుంది. మొదటి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజుకు, ఆఫీసరు ముందుగా రాకపోతే ఇదంతా జరిగేదే కాదు కదా అనిపించింది. నాలుగో రోజు మా అమ్మ "ఆయనకేమే, పర్మినెంటు నౌకరీ. నువ్వు ఊకో" అంది. ఆ మాట తియ్యగా తగిలింది. ఆరో రోజు, కాక ఆ ట్రేలను తాళం వేసి పెట్టుకోవలసింది అనుకున్నాను. ఎనిమిదో రోజు కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయి, ఆ సంగతే గుర్తులేకుండా స్కూలుకు వచ్చాను. రిజిస్టరు కోసం స్టోరు గదిలోకి వెళితే గుడ్ల ట్రే కనబడింది. అందులో ఒక గుంటలో సెల్లు లేదు. చీటీ ఒక్కటే ఉంది. దాని మీద ఆ సోమవారం తేదీ. అది నా చీటీ అని తెలుసుకోవడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. ఎవరూ ముట్టుకోకుండానే నేను ఎంతకు జారిపోయానో అక్కడ నిలబడి చూసుకున్నాను. అంత భయం నాకు తనిఖీ రోజున కూడా కలగలేదు.

అక్కణ్ణించి నేరుగా హెడ్మాస్టర్ గదికి వెళ్ళాను. ఏడుపు రాలేదు. అంతా విని ఆయన తల పట్టుకున్నారు.

"ఇప్పుడెందుకమ్మా? అంతా చల్లబడ్డది గద!"

"చల్లబడ్డదనే వచ్చిన సార్" అన్నాను.

జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను. బయటికి వస్తే కాక గంట దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పానన్నాను. తల ఊపి, స్టోరు గదిలోకి వెళ్ళి, ఆ చీటీ తీసి తేదీ కింద ఏదో రాసి జేబులో వేసుకున్నాడు. కొలత ఎంత వచ్చింది కాకా అని అడిగాను.

"జర తగ్గింది. గని పన్జేస్తది."

ఆయన మెమో వెనక్కి పోయింది. నాకొకటి వచ్చింది. ఉద్యోగంలో నేను అందుకున్న మొదటి కాగితం అదే, ఇప్పటికీ దాచుకున్నాను. తీసేయకుండా ఈ ఏడాదికి ఉంచి చూద్దామన్నారు. ఆ చూద్దాం మీదే నాలుగేళ్ళు గడిచాయి. కొన్ని వారాలకు ఆఫీసరు చెప్పాపెట్టకుండా, కోత వేళలోనే వచ్చారు. కాక ఆయనకు ట్రేలు, చీటీలు, ఇసుక డబ్బా అన్నీ చూపించి, బువ్వ తినిలేచినవాడి కథ చెప్పాడు. తాళం తీశారు. ఈసారి ఎనిమిది రోజులూ ఆగి కట్టిన బ్యాటరీలతో ఐదు మిషన్లు మళ్ళీ కరెంటు వచ్చేదాకా నడిచాయి. ఆఫీసరు వెళ్తూ వెళ్తూ గుడ్ల ట్రేలు ఏ రిజిస్టర్లో రాశారని మాత్రం అడిగారు. హెడ్మాస్టర్ సారు ఆ ప్రశ్నకు చాలా రోజులు కంగారుపడ్డారు.

ఆ గదిలో నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆ రోజు చెయ్యి వెనక్కి లాక్కున్న అమ్మాయి పెద్ద అంబర్‌పేట్‌లో సొంతంగా మీసేవా కేంద్రం నడుపుతోంది. నేను పర్మినెంటు టీచరునయ్యాను. ఇప్పటికీ నా దగ్గర ఎవరైనా కన్నీళ్ళతో మాటిస్తే వింటాను, తేదీ గుర్తుపెట్టుకుంటాను, ఎనిమిది రోజుల తర్వాత కలుస్తాను. నేను మాటిచ్చినప్పుడు మరీ జాగ్రత్త.

సత్తయ్య కాక పోయి రెండేళ్ళు దాటింది. పోయిన రోజే పాత స్కూలువాళ్ళు ఫోను చేసి, సంతాప సభలో చదవడానికి నాలుగు ముక్కలు రాసిమ్మన్నారు. ఆ పూట ఏడుస్తూ ఎన్ని పేజీలైనా రాసేదాన్ని. రాయలేదు. అందరికీ కోపం వచ్చింది. ఆ తర్వాత పరీక్షలు, బదిలీ, అమ్మాయి చదువు, ఎన్నో పనులు. నెలల తరబడి ఆయన గుర్తుకు రాకపోవడం కూడా జరిగింది. మొన్న ఆ దుకాణం ముందు ఆ తియ్యటి వాసన తగలగానే భయంభయంగా లోపలికి చూసుకున్నాను, ఎంత మిగిలిందో అని.

ఏమీ తగ్గలేదు కాకా. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.