అమ్మ పక్కన జాగా

నాకు తెలుగు చదవడం నేర్పింది బడి కాదు, అబ్రాహాము. చంద్రపూర్‌లో నా చదువంతా మరాఠీలోనే సాగింది. ఇంట్లో మాత్రం పొద్దున ప్రార్థన కాగానే నాయిన తెలుగు బైబిలు గ్రంథం ఒళ్లో పెట్టుకుని, వేలు ఆనించి, ఒక్కో మాట నాతో చదివించేవాడు. అందుకే నా తెలుగులో ఒంటెలు, గుడారాలు, బావుల దగ్గర తగాదాలు దండిగా ఉన్నాయి. కరెంటు ఆఫీసుకు అర్జీ రాయాలంటే మాత్రం ఇప్పటికీ మరాఠీయే దిక్కు.

నాయిన గోదావరి అవతలి ఊరి నుంచి బొగ్గు పనికి వచ్చి, సాస్తి గనిలో రిటైరయ్యాడు. ఆయన దృష్టిలో ఆయన స్వదేశం విడిచి పరదేశానికి వచ్చిన పితరుడు. అబ్రాహాము ఎన్ని నెలలు నడిచాడో గానీ మా నాయిన రైల్లో వచ్చాడు. ఇంటి దగ్గర కట్టిచ్చిన సద్దిమూట విప్పకముందే బల్లార్షా స్టేషన్ వచ్చేసిందట. అయినా మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద అయ్యాక, వాక్యం చెప్పడానికి నిలబడ్డ ప్రతిసారీ మనం యాత్రికులం, పరదేశులం అనే మొదలుపెట్టేవాడు. పితరులు కనానులో గుడారాల్లోనే బతికారు, అబ్రాహాముకు అక్కడ మొదట దక్కిన సొంత నేల భార్య సమాధి కోసం కొన్నదే, ఆయన మనవడు యాకోబు ఐగుప్తులో చనిపోతూ, తనను అక్కడ పెట్టొద్దు, తండ్రుల పక్కన పెట్టమన్నాడు. ఇవి చెబుతున్నప్పుడు ఆయన గ్రంథం మూసి గుండెకు ఆనించుకునేవాడు. బయట ఆటోలవాళ్లు హారన్లు కొడుతూనే ఉండేవాళ్లు.

ఈ పితృభక్తి వల్ల నష్టపోయింది అమ్మ. తోటి కార్మికులందరూ చంద్రపూర్‌లో తలా ఒక ఇల్లు కట్టుకుంటే, మేం కంపెనీ క్వార్టర్ నుంచి కిరాయి ఇంటికి మారాం.

"గుడారంల ఉండెటోళ్లకు ఇల్లెందుకే?" అనేవాడు నాయిన.

"గుడారానికి గూడ మేకులు గొడ్తరు. నువ్వు గడియారం తగిలించెతందుకు గోడకు మొల గొట్టనియ్యవైతివి," అనేది అమ్మ.

మా సంఘానికి సొంత సమాధుల తోట లేదు. మరాఠీ సంఘం వాళ్లు తమ తోటలో ఒక మూల ఇచ్చారు. అది కూడా చిన్నది కావడంతో, ముందే జాగా ఆపి పెట్టమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అప్పుడు నాయిన ఒక కట్టడి తెచ్చాడు. వరుసలో ఎవరు ముందు పోతే వాళ్లది ముందు జాగా, ఎవరికీ ఏదీ ఆపేది లేదు. భర్తను పోగొట్టుకున్న ఒక ఆమె, ఆయన పక్కన తనకు చోటు ఉంచమని ఏడుస్తూ వచ్చింది.

"పరదేశికి పక్క జాగా ఏంది చెల్లె?" అన్నాడు నాయిన.

అందరూ ఆమెన్ అన్నారు. ఆమె కూడా అంది. అన్నాక మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు.

తన కోసం మాత్రం ఆయన వేరే ఏర్పాటు చేసుకున్నాడు. ఒకసారి గుండె నొప్పి వచ్చి ఆసుపత్రిలో ఉన్నప్పుడు నన్ను దగ్గరికి పిలిచాడు. చేతికి సెలైన్ ఎక్కుతోంది.

"నీ చెయ్యి నా తొడ కింద వెట్టు," అన్నాడు.

యాకోబు తన కొడుకుతో ఒట్టు వేయించుకున్నది అట్లాగేనని నాకు తెలుసు. నాకు చదవడం నేర్పిన పేజీల్లోనే ఉంది. పెట్టాను.

"నేను పోతే నన్ను ఈడ వెట్టద్దు. మా ఊరికి తీస్కపోయి మా నాయిన పక్కన వెట్టాలె. ఒట్టు."

ఒట్టేశాను. సరిగ్గా అప్పుడే నర్సు వచ్చి ఏం చేస్తున్నారని మరాఠీలో అడిగింది. పుండ్లు పడ్డాయేమో చూస్తున్నానని చెప్పాను. పితరులకు ఇలాంటి ఇబ్బంది వచ్చి ఉండదు. టిఫిన్ డబ్బా పట్టుకుని మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ అమ్మ అంతా చూసింది.

"మరి నన్నేడ వెడ్తరు?" అంది.

"నువ్వు నాతోనే," అన్నాడు నాయిన.

"నేనే ముందు పోతే?"

ఆయన నవ్వాడు. ఆ మాట మీద మా ఇంట్లో మళ్లీ చర్చ జరగలేదు.

అమ్మే ముందు పోయింది. అది కూడా మే నెలలో. చంద్రపూర్ ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఊరి దాకా మోసుకుపోయే మాట ఎవరూ ఎత్తలేదు. నాయినే "ఈడనే" అన్నాడు. కొత్త వరుసలో ఆమెకు ప్రహరీని ఆనుకుని మొదటి చోటు వచ్చింది. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఖాళీ నేల. కట్టడి ప్రకారం ఆ ఖాళీ, సంఘంలో తర్వాత ఎవరు పోతే వాళ్లది.

నెల తిరక్కుండానే నాయిన నన్ను ఊరికి తీసుకుపోయాడు. నాయిన వాళ్ల అన్న కొడుకులు మంచివాళ్లే, కూల్‌డ్రింకులు తెప్పించారు. వాళ్ల పిల్లలు చంద్రపూర్ పాత పేరు పెట్టి ఆయన్ని "చాందా తాత" అన్నారు. చంద్రపూర్‌లో మమ్మల్ని తెలంగాణోళ్లంటారు, సొంత ఊళ్లో చాందావాళ్లమయ్యాం. మా తాత సమాధి ఎక్కడుందని నాయిన అడిగితే ఒకరు పత్తిచేను గట్టు చూపించారు, ఇంకొకరు దాని అవతలి కంచె చూపించారు. నాయిన ఇద్దరికీ తల ఊపాడు.

తర్వాత కొద్దిరోజులకే, మా సంఘంలో నేను పెదనాయినా అని పిలిచే ఒక ముసలాయన మంచం పట్టాడు. గనిలో నాయినతో కలిసి పనిచేసినవాడు, ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. నాయిన రోజూ పొద్దున గిన్నెలో గంజి పట్టుకుని ఆయనింటికి నడిచి వెళ్లేవాడు. మందులు వేసుకున్నాడా లేదా అని కోడల్ని నిలదీసేవాడు. మంచం పక్కన మోకరించి గంటసేపు ప్రార్థన చేసేవాడు. సంఘమంతా మురిసిపోయింది. ప్రేమంటే ఇట్లుండాలని పాస్టర్ గారు రెండు ఆదివారాలు అదే వాక్యం చెప్పారు.

నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే అమ్మ బతికుండగా ఆయన ఎవరికీ గంజి మోసినవాడు కాదు. ఒక ఆదివారం ఆరాధన కాగానే కనబడకపోతే సమాధుల తోటకు వెళ్లి చూశాను. అమ్మ సమాధి అంచు నుంచి అడుగులో అడుగు వేసుకుంటూ పక్కనున్న ఖాళీని కొలుస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"గడ్డి బాగ పెరిగింది," అన్నాడు.

అప్పుడే అడిగి ఉండాల్సింది. అడగలేదు. కట్టడి తెచ్చినవాడు తనకోసం దాన్ని సడలించమని ఎట్లా అంటాడు? భర్త పక్కన చోటు అడిగిన ఆ చెల్లె ఆరాధనలో ఇంకా రెండో వరుసలోనే కూర్చుంటోంది. ఇక ఒట్టు సంగతి ఆయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు. ఇద్దరం మగవాళ్లం గదా, గడ్డి గురించి మాట్లాడుకుని ఇంటికి వచ్చాం. ఆ పూట పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

వానాకాలం చివర్లో ఒక రోజు, పొద్దున ప్రార్థన అయ్యాక కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు నాయిన. మధ్యాహ్నానికల్లా ఊరి నుంచి ఫోన్. జాగా చదును చేయిస్తున్నాం, తీసుకురండి అన్నారు. పాస్టర్ గారు యాకోబు ఆఖరి కోరికను గుర్తు చేశారు. సంఘంలో అందరికీ ఆ ప్రసంగం కంఠస్థమే. అంబులెన్స్ తెచ్చి వాకిట్లో పెట్టారు. ఒట్టేసిన చేయి నాది. దాన్ని కాదనడానికి నా దగ్గరున్న సాక్ష్యం గడ్డిలో నాలుగు అడుగులు. ఆ అడుగులకు నేను చెప్పుకున్న అర్థం తప్పయితే, ఆయన జీవితంలో నన్ను అడిగిన ఒకే ఒక్క పని నేను చెడగొట్టినట్టు.

అప్పుడు వాకిట్లో ఆటో ఆగింది. పెదనాయిన దిగాడు. మంచం మీంచి లేవలేని మనిషి, కోడలి భుజం పట్టుకుని, రెండడుగులకోసారి ఊపిరి తీసుకుంటూ లోపలికి వచ్చాడు.

"బండెందుకు?" అన్నాడు.

"ఊరికి, పెదనాయినా. ఒట్టు వేయించుకున్నడు."

"గా బండి పంపియ్యి. మీ అమ్మ పక్కన వెట్టు." కుర్చీ చూపిస్తే కూర్చోకుండా అన్నాడు. "రోజు నా తానికి ఎందుకొచ్చెటోడు అనుకున్నవ్? నేను ముందు పోతే గా జాగా నాకు పోతదని. అన్నా, జర ఆగే, నన్ను ముందు పోనీ అని ఏడ్చేటోడు. ఆయన కోసమే ఆగిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"కొడుకు ముందట మాటెట్ల మార్చుకుంటడు రా? నాతోనన్న చెప్పిండు, నయం."

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. గంజి గిన్నెతో పోయి బొగ్గు దుమ్ము మనిషికి చెప్పుకున్నాడు గానీ, పక్క గదిలో ఉన్న నాకు చెప్పుకోలేదు. తర్వాత ఏడుపూ వచ్చింది, అందరి ముందే వచ్చింది. పాస్టర్ గారు ఏం చేయాలో తెలియక సంఘం వైపు చూశారు. ఆ చెల్లె లేచి నిలబడింది.

"ఇప్పుడు వరుస ఆయనదే," అంది. "కట్టడి ఆయన పెట్టిందే గద."

ఆ గొంతులో దెప్పిపొడుపు ఎంతో, జాలి ఎంతో నాకు తెలియలేదు. అంబులెన్స్ వెనక్కి పోయింది. సాయంత్రం లోపల నాయిన్ని అమ్మ పక్కన పెట్టాం. నేను ఒట్టు తప్పాను.

అందరూ వెళ్లిపోతుంటే పెదనాయిన్ని నడిపించుకుంటూ గేటు దాకా తెచ్చి ఆటో ఎక్కించాను. ఆయన నా చెయ్యి వదల్లేదు.

"కొడుకా, పాస్టర్ సాబుతోని చెప్పు," అన్నాడు. "రేపటి సంది నేను బతకాలని ఎవ్వరు ప్రార్థన చెయ్యద్దు. ఆగి ఆగి శానా అలిసిన."