కింది వైపు గాట్లు

అఫ్రా మా గుంపులో చెట్ల కొలతలు తీసేది. పగబట్టిన మనిషి. పగ మంచిది కాదంటారు. నేను మాత్రం అనను, అది నాకూ అంటుకుంది.

మా నల్ల అడవిలో పదేళ్లకోసారి చెట్లన్నీ కొలుస్తాం. అడవి ఏటా ఎంత పెరుగుతుందో లెక్కకట్టి, అంతవరకే కొడతాం. ఒక విడత రేంజరు రీగర్ కొలిచాడు. తర్వాతి విడత వేరేవాళ్లు కొలిస్తే, బీచ్ అనే జాతి చెట్లున్న కొండవాలులో కలప ఉండాల్సినదానికన్నా ఎనిమిదో వంతు తక్కువ వచ్చింది. "కాపలావాడు అమ్ముకున్నాడు" అని రీగర్ తేల్చేశాడు. ఆ కాపలావాడు అఫ్రా నాన్న లాండొలిన్. ఉద్యోగం ఊడింది. రెండేళ్లకు దొంగ అన్న పేరుతోనే పోయాడు.

అఫ్రా ఏడుస్తూ కూర్చోలేదు, కొలత పని నేర్చుకుంది. కొలిచినచోట బెరడు మీద గాటు పెట్టడం మా ఆనవాయితీ. చెట్టు ఎంత ఎదిగినా గాటు పైకి పోదు. వాలులో రీగర్ పెట్టిన గాట్లు, పైవైపు నిలబడి చూస్తే ఆమెకు తొడల ఎత్తున కనిపించాయి. వాలుకు పైవైపు నిలబడి రొమ్ము ఎత్తున కొలవాలని నిన్న చేరినవాడికి కూడా తెలుసు. ఆ మహానుభావుడు వాలు ఎక్కలేక, కింద నిలబడి లావుపాటి మొదళ్లు కొలిచేశాడు. లేని కలప కాగితం మీద పుట్టింది.

"ఇప్పుడే నిలదీద్దాం" అన్నాను.

"వద్దు మామా. పై అధికారులు కొలతకొస్తారుగా, వాళ్ల ముందు వాడి చేతే చేయిద్దాం" అంది. నాలుగేళ్లు ఆగింది.

రీగర్ పదవీ విరమణ ఇంకో నెలలో ఉందనగా అధికారులు వచ్చారు. అఫ్రా వినయంగా ముందుకొచ్చింది.

"దొరా, ఈ గాటు మీదే. ఒక్కసారి మీ చేత్తో కొలిచి చూపించండి."

రీగర్ కింద నిలబడే, మాను లావు కొలిచే కాలిపర్ పెట్టాడు. యాభై ఒక్క సెంటీమీటర్లు.

"పైకి రండి రీగర్" అన్నాడు పెద్దాధికారి. ఎక్కి కొలిచాడు. నలభై ఏడు.

"ఇంకోటి, దొరా" అంది అఫ్రా. అలా పన్నెండు చెట్ల దగ్గర వాలు ఎక్కించింది. పదమూడో దాని దగ్గర కూలబడ్డాడు.

"తెలియక జరిగిందమ్మాయ్."

"కొలిచిన రోజు తెలియలేదు సరే. కలప తక్కువొచ్చిన రోజైనా తెలిసిందా, లేదా?"

రీగర్ కాలిపర్ పెద్దాధికారి చేతికిచ్చేశాడు. తన తప్పని తెలిసే లాండొలిన్ మీదికి నెట్టాడని అందరికీ అర్థమైంది.

ఆదివారం చర్చి ముందు రీగరే ఊరందరికీ చెప్పాడు, లాండొలిన్ దొంగ కాదని. చెప్పి, అఫ్రా వైపు చెయ్యి చాచాడు. "ఇక క్షమించినట్టేనా?"

"లేదు" అంది అఫ్రా. "మా నాన్న పేరు నిలబడింది, మీ పేరు పోయింది. అదే నాక్కావలసింది."

ఆ చెయ్యి నా వైపు తిరిగింది. నేను జేబులోంచి నా చెయ్యి తీయలేదు.