వీల్ గ్రూపులో రెండో పేరు

ఏళ్ల తరబడి మోస్తున్నాను. మోయడం అలవాటైంది గానీ బరువు తగ్గలేదు. ఇక ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు, అదే నయం, అందుకే మీతో చెబుతున్నాను.

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు కంప్యూటర్లో గీసే చిన్న సెంటరు. నేనూ నాగమణక్కా అక్కడ పనిచేసేవాళ్లం. పొద్దున ప్యాసింజరు నేను హిందూపురంలో ఎక్కేవాణ్ని, ఆమె పెనుకొండలో. ఆమె కోసం కిటికీ పక్కన సీటు మీద నా క్యారియరు పెట్టేవాణ్ని.

సర్వర్లో పెత్తనమంతా రూట్ ఖాతాది. దాంట్లోకి పోవాలంటే పాస్‌వర్డు తెలిస్తే చాలదు, వీల్ అనే గ్రూపులో మన పేరుండాలి. మొదట అక్క పేరొక్కటే ఉండేది. తనకు జ్వరమొస్తే పని ఆగకూడదని నా పేరు ఆమే చేర్చింది.

ఒక మధ్యాహ్నం ఆమె అన్నానికి పోయినప్పుడు, పాత ఫైళ్లు తీసేద్దామని రూట్‌లో కూర్చున్నాను. ఏ ఫోల్డర్లో ఉన్నానో చూసుకోలేదు. ఒక్క కమాండు. మగ్గాలవాళ్లు గీయించుకున్న అంచులూ కొంగులూ అన్నీ పోయాయి. నకళ్లు తీసిపెట్టాల్సిందీ నేనే. బద్ధకించి నెలలుగా తీయలేదు. ఎవరు ఎప్పుడు లోపలికి పోయిందీ సర్వరు రాసిపెట్టుకునే లాగ్‌లో నా జాడ చెరిపేశాను. గ్రూపులోంచి నా పేరు కొట్టేశాను. భయమా? భయమే. కానీ భయపడ్డవాడికి ఇంత వివరంగా తోస్తుందా?

యజమాని వచ్చి గ్రూపు చూపించమన్నాడు. ఒక్క పేరే ఉంది.

"నీ పేరూ ఉండాల కదప్పా?" అంది అక్క.

"పోయిన నెల నువ్వే తీసేస్తివి కదక్కా. మర్చిపోయినావా?"

ఆమె చాలాసేపు స్క్రీను చూసింది. "అట్లనా... తీసింటాలే. ఇంట్లో మా అవ్వకు బాగలేనప్పటి నుంచి నా మతి యాడుండాదో. అయితే ఆ డిజైన్లు కూడా నేనే తీసేసింటానేమో."

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని. నమ్మేసింది.

ఆ సాయంత్రమే ఆమెను పనిలోంచి తీసేశారు. మర్నాడు పెనుకొండలో బండి ఆగింది. అలవాటు కొద్దీ పెట్టిన క్యారియరు సీటు మీదే ఉంది. ఎవరో ముసలాయన అడిగితే తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

తర్వాత విన్నాను. ఆమె మళ్లీ కంప్యూటర్ ముట్టలేదట. ఇంటికి తాళం వేసి కూడా మూడుసార్లు వెనక్కి వచ్చి చూస్తుందట. నేను పోగొట్టింది ఆమె ఉద్యోగమే అనుకుంటూ వచ్చాను. కాదు. వెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. పెనుకొండ దాకా రెండుసార్లు టికెట్టు తీసుకున్నాను, దిగడానికి మొహం చెల్లలేదు.

క్షమించమని అడగను. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే.

అక్కా, నీ మతి బాగానే ఉండింది. నా పేరు ఆ గ్రూపులో ఉండింది. తీసింది నేను.