రెండు పీసీలతో వేసిన దారి

తిరుపతిలో నేను పనిచేసిన కాలేజీలో పెద్ద కంప్యూటర్ ఒక్కటే ఉండేది. అది ఒక బిల్డింగులో, పిల్లలు కూర్చునే తెరలు ఎదురు బిల్డింగులో. వాటిని కలిపేదానికని ప్రత్యేకంగా చేసిన పెట్టెలు రెండు, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. ఎనభైల చివర్లో ఒక వానాకాలం పిడుగు పడి రెండూ కాలిపోయినాయి.

మద్రాసు నుంచి వచ్చిన ఇంజినీరు మూత తీసి చూసి పెదవి విరిచినాడు.

"కొత్తవి ఫారిన్ నుంచి రావాలమ్మా. ఎప్పుడొస్తాయో నేను సెప్పలేను."

చివరి సంవత్సరం పిల్లల ప్రాజెక్టులు సగంలో ఆగిపోయినాయి. నాకు ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. ల్యాబులో విడిభాగాలు కొని మేమే బిగించుకున్న చవక పీసీలు రెండు ఉండినాయి. ఉత్తరాలు టైపు చేసేదానికి తప్ప వాటినెవరూ ముట్టరు. ఇటు నుంచి అక్షరాలు తీసుకుని అటు పంపడమే కదా ఆ పెట్టెల పని, వీటితోనే చేయిద్దామని మా డిపార్టుమెంటు హెడ్డు దగ్గరికి పోయినాను.

"అవి ఆడుకునే బొమ్మలమ్మా," అన్నాడాయన.

"బొమ్మలే సార్. పనికి రాకుంటే మళ్లా టైపుకు పెట్టేస్తాను."

ఆయన నవ్వి తాళాలు ఇచ్చినాడు.

ప్రోగ్రాము రాసి, వైరు తగిలించినాను. తెర మీద సగం అక్షరాలు మాయం. వైరు కొసలు మళ్లీ అతికించినా అంతే. తెర మీది అక్షరాలను చూస్తా చూస్తా ఒక మధ్యాహ్నం కనిపెట్టినాను. మొదటి వరస ఎప్పుడూ సరిగానే వస్తాండాది, తర్వాతే పోతాండాది. పెద్ద కంప్యూటర్ పంపే జోరును పీసీ అందుకోలేకపోతోందన్నమాట. పీసీ నిండుతూనే "ఆగు" అని, ఖాళీ కాగానే "పంపు" అని చెప్పేలా ప్రోగ్రాము మార్చినాను.

ఎదురు బిల్డింగు కిటికీలోంచి ఒకమ్మాయి కేక పెట్టింది. "మేడం, వస్తాండాది! ఒక్క అక్షరం కూడా పోలా!"

ఆ పీసీల జతకు మొత్తం నాలుగు తెరలకు మించి తగిలించే వీల్లేదు. పిల్లలు వంతులేసుకున్నారు. ప్రాజెక్టులు పూర్తి చేసినారు.

వేసవిలో ఇంజినీరు కొత్త పెట్టెలు తెచ్చి, మా ఏర్పాటు చూసినాడు.

"శానా నిదానం గదమ్మా ఇది!"

"అవునండీ, నిదానమే. మీ పెట్టెలు వచ్చేలోపల పిల్లలు పరీక్షలు కూడా రాసేసినారు."

కొత్త పెట్టెలు నిజంగానే వేగంగా పనిచేసినాయి, కాదనను. కానీ లైబ్రరీ వాళ్లు తమకూ తెరలు కావాలని అడిగినప్పుడు హెడ్డు నన్ను పిలిపించినాడు.

"ఇంకో జత పెట్టెలకు ఆర్డరు పెడదామా?"

"వద్దు సార్. పీసీలే ఇంకో రెండు కొనియ్యండి. ఈసారి ఎనిమిది తెరలు నడిపిస్తాను."

ఆయన నా మొహం చూసి, సరే అన్నాడు. నేను వైరు ఎంత పట్టేదీ కొలిచేదానికి లైబ్రరీకి బయల్దేరినాను.